తోడు లేనిదే దాటలేని వీధి

1871 ప్రాంతంలో బెర్లిన్‌లోని కార్ల్ వెస్ట్‌ఫాల్ అనే మానసిక వైద్యుడి దగ్గరికి ముగ్గురు మగవాళ్లు వేర్వేరుగా వచ్చారు. ముగ్గురూ ఒంట్లో బాగున్నవాళ్లే, పనీపాటా చేసుకుంటున్నవాళ్లే. ముగ్గురిదీ ఒకటే బాధ. వెడల్పాటి కూడలినో, జనం పలచబడ్డ వీధినో ఒంటరిగా దాటాల్సి వస్తే గుండె దడదడలాడుతుంది, కాళ్లు వణుకుతాయి, అడుగు ముందుకు పడదు. దేనికి భయం అని అడిగితే చెప్పలేరు. భయపడాల్సింది అక్కడేమీ లేదని వాళ్లకీ తెలుసు. ఈ జబ్బుకి వెస్ట్‌ఫాల్ ‘అగోరాఫోబియా’ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ‘అగోరా’ అంటే ఊరి నడిబొడ్డున సంత జరిగే చోటు.

ఆయన రాసినదాంట్లో పేరు కంటే విలువైన సంగతి ఒకటుంది. పక్కన ఎవరైనా మనిషి నడుస్తుంటే ఆ భయం తగ్గిపోయేది. మనిషి దొరక్కపోతే చేతికర్రో, ముందు వెళ్తున్న బండో కూడా కాస్త ధైర్యం ఇచ్చేది. వాళ్లలో ఒకాయన రాత్రిపూట ఇల్లు చేరడానికి వీధిలో కనిపించిన వేశ్యను మాటల్లో పెట్టి, వేరే ఉద్దేశమేమీ లేకుండానే, తన గుమ్మం దాకా తోడు తెచ్చుకునేవాడు. మనిషి ఎంత బెదిరిపోతే ఆ పనికి దిగుతాడో ఊహించుకుంటే మనసు కలుక్కుమంటుంది.

పొలిమేర దాకా తోడు రమ్మంటాం, బస్టాండు దాకా తోడు వెళ్లి రమ్మంటాం, ఆలుమగల్ని తోడూనీడా అంటాం. భయానికీ తోడుకీ ఉన్న ఈ ముడి బెర్లిన్ వైద్యుడు చూసిన నాటికే కొత్తది కాదు. అయినా వైద్యం దాన్ని పట్టించుకోవడానికి దాదాపు నూరేళ్లు పట్టింది. ఈ లోపల భయానికి చేసే చికిత్స ఒక గదిలో పెరిగింది. కాపురాలకు చేసే కౌన్సెలింగు ఇంకో గదిలో పెరిగింది. ఇవాళ ఒక థెరపిస్టు పేరు కింద ‘జంటల సమస్యలు, ఆందోళన రుగ్మతలు’ అని పక్కపక్కనే కనిపిస్తున్నాయంటే, ఆ రెండు గదుల మధ్య గోడ ఎవరో పడగొట్టారన్నమాట. ఎవరు, ఎలా అన్నది తెలుసుకోవాల్సిన కథ.

భయం గదితో మొదలుపెడదాం. 1895లో ఫ్రాయిడ్ నరాల బలహీనత అనే పెద్ద మూటలోంచి ‘ఆందోళన వ్యాధి’ని విడదీసి చూపించాడు. ఊపిరాడకపోవడం, గుండెదడ, చెమటలు, ఏదో ముంచుకొస్తోందన్న గాభరా... ఆయన ఇచ్చిన వర్ణన ఇవాళ్టి ప్యానిక్ అటాక్‌కి చాలా దగ్గరగా ఉంటుంది. అయితే మనోవిశ్లేషణ అనే ఆయన పద్ధతిలో రోగి మంచం మీద పడుకుని మాట్లాడాలి, వైద్యుడు వినాలి. చాలా ఏళ్ల అనుభవం తర్వాత, 1918లో బుడాపెస్ట్ సభలో, ఫ్రాయిడే ఒక మాట ఒప్పుకున్నాడు: వీధిలోకి వెళ్లడానికి భయపడేవాణ్ని ఆ భయం పోయేదాకా గదిలో కూర్చోబెడితే పని జరగదు, అతను వీధిలోకి వెళ్లి ఆ భయంతో పెనుగులాడేలా చేస్తే తప్ప విశ్లేషణ ముందుకు సాగదు. చెప్పినవాడు ఫ్రాయిడ్ కాబట్టి దీనికి ఇంకా ఎక్కువ విలువ ఇవ్వాల్సింది. ఆయన శిష్యులు మాత్రం మంచాన్నే నమ్ముకున్నారు.

వీధిలోకి నిజంగా తీసుకెళ్లే విద్య ఒక కుందేలు దగ్గర మొదలైంది.

1920లో జాన్ వాట్సన్, రోజలీ రేనర్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు చంటిబిడ్డకి భయం నేర్పవచ్చని చూపించారు. తెల్ల ఎలుక దగ్గరికొచ్చినప్పుడల్లా వెనకనుంచి ఇనుప కడ్డీ మీద సుత్తితో కొట్టారు. కొన్నాళ్లకి ఎలుకను చూస్తేనే ఆ బిడ్డ ఏడ్చేవాడు. నేర్పిన భయాన్ని పోగొట్టే పని మాత్రం చెయ్యలేదు. అది చేయకూడని ప్రయోగమని ఇవాళ ఎవరైనా చెబుతారు. వాళ్లు వదిలేసిన సగాన్ని మేరీ కవర్ జోన్స్ అనే యువతి అందుకుంది. 1924లో ఆమె అచ్చువేసిన వ్యాసంలోని పిల్లాడి పేరు పీటర్. వయసు రెండేళ్ల పది నెలలు. కుందేలంటే భయం, బొచ్చు కోటంటే భయం, పక్షి ఈకలన్నా దూది అన్నా భయమే.

జోన్స్ చేసింది చూడటానికి చాలా చిన్నపని. మొదట, కుందేలంటే భయం లేని పిల్లలతో కలిపి పీటర్‌ని ఆడుకోనిచ్చింది. వాళ్లు ముట్టుకుంటుంటే చూసి వాడు కొద్దికొద్దిగా దగ్గరయ్యాడు. అంతలో స్కార్లెట్ జ్వరం వచ్చి రెండు నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. తిరిగి వచ్చే రోజు పెద్ద కుక్క ఒకటి మీదికి దూకడంతో పాత భయమంతా మళ్లీ మొదటికొచ్చింది. ఈసారి జోన్స్ వాణ్ని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి ఇష్టమైన తిండి పెట్టింది. వాడు తింటుండగా బోనులో ఉన్న కుందేలును గదిలో దూరంగా పెట్టించింది. వాడి నోరు ఆగకపోతే కొంచెం దగ్గరికి. ఆగితే కొంచెం వెనక్కి. 12 అడుగుల నుంచి 4 అడుగులకి, అక్కణ్నుంచి కుర్చీ పక్కకి, ఆ తర్వాత బోను బయటికి. చివరికి పీటర్ కుందేలును ఒళ్లో పెట్టుకుని నిమిరాడు, అది వాడి వేళ్లు కొరుకుతుంటే కూర్చున్నాడు. ఇవాళ భయానికి చేసే చికిత్సల్లో చాలావరకు ఈ బాటలోనే నడుస్తున్నాయి: కొంచెంకొంచెంగా దగ్గరికి, తప్పించుకోనివ్వకుండా, పారిపోయేంత తొందరపెట్టకుండా. ఆ గదిలో తోటిపిల్లలు ఉన్నారన్న సంగతి కూడా మరచిపోకూడదు.

జోన్స్ వ్యాసాన్ని ఆ రోజుల్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. పాతికేళ్ల తర్వాత దక్షిణాఫ్రికాలో జోసెఫ్ వోల్పే అనే వైద్యుడు దాని విలువ గుర్తించాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఆయన సైన్యంలో వైద్యుడు. యుద్ధభయంతో కుప్పకూలిన సైనికులకి అప్పటి పద్ధతి ప్రకారం మందు ఎక్కించి, మత్తులో వాళ్ల అనుభవాలు చెప్పించేవారు. చెప్పించినా భయం పోవడం లేదని వోల్పే విసిగిపోయాడు. యుద్ధం ముగిశాక జొహన్నెస్‌బర్గ్‌లో పిల్లులతో ప్రయోగాలు చేశాడు. షాకు తిన్న బోనులో ఆ పిల్లులు ఎంత ఆకలేసినా తినేవి కావు. అలాంటి పిల్లికి ఆ బోనున్న గదిని దూరంగా మాత్రమే పోలిన గదిలో తిండి పెట్టి, క్రమంగా అసలు గదికి, బోనుకి దగ్గర చేస్తే భయం వదిలేసేది. మనుషుల విషయంలో తిండికి బదులు ఒంట్లోని కండరాలను ఒక్కొక్కటిగా వదులు చేసే విద్యను వాడుకున్నాడు. రోగి తన భయాలను సున్నా నుంచి నూరు దాకా మార్కులేసి వరసగా రాసుకోవాలి. ఒళ్లు వదులుగా పెట్టుకుని అన్నిటికంటే చిన్నదాన్ని మనసులో ఊహించుకోవాలి. 1958లో ఆయన పుస్తకం వచ్చింది. ఇలా ప్రవర్తనను మార్చి నయంచేసే బిహేవియర్ థెరపీకి జోన్స్ తల్లిలాంటిదని వోల్పేనే ప్రకటించాడు.

1960లు, 70లలో లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రిలో ఐజాక్ మార్క్స్ మరో అడుగు వేశాడు. ఊహ చాలదు, అసలు వీధికే వెళ్లాలి. భయం పెరిగి దానంతటది తగ్గేదాకా అక్కడే నిలబడాలి. ఈ పని వైద్యులే చెయ్యాలని లేదని నర్సులకి కూడా శిక్షణ ఇచ్చాడు. 1966లో విక్టర్ మేయర్ లండన్‌లోనే చేతులు కడిగిందే కడిగే రోగిని ఆసుపత్రిలో చేర్చుకుని, గది కుళాయికి నీళ్లు కట్టేయించి, కడుక్కోవాలన్న తపన చల్లారేదాకా నర్సుల్ని పక్కనే ఉంచాడు. చేసిందే చేయించే ఈ జబ్బుకి, అంటే ఓసీడీకి, ఇవాళ్టికీ ముఖ్యమైన చికిత్స దాని కొనసాగింపే.

ఇలాంటి ఆసుపత్రుల గడప తొక్కలేని లక్షల మందికి క్లెయిర్ వీక్స్ దిక్కయింది. ఆస్ట్రేలియాలో పుట్టిన ఈమె ముందు జంతుశాస్త్రవేత్త, తర్వాత డాక్టరు. చిన్న వయసులో క్షయ అని ఎవరో పొరపాటుగా చెప్పడంతో మొదలైన గుండెదడ ఆమెను ఏళ్ల తరబడి వేధించింది. మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడి వచ్చిన ఒక స్నేహితుడు, కందకాల్లో తన గుండె కూడా అలాగే కొట్టుకునేదని, అది భయానికి పడే భయమే తప్ప జబ్బు కాదని చెప్పాడు. ఆ మాట ఆమెను నిలబెట్టింది. 1962లో వచ్చిన ఆమె పుస్తకం గడప దాటలేని మనుషుల ఇళ్లలోకి నేరుగా వెళ్లింది. ఆమె చెప్పిన విధానం నాలుగు మాటల్లో ఒదిగిపోతుంది: ఎదురుగా నిలబడు, ఒప్పుకో, తేలిపో, కాలాన్ని గడవనీ. పండితులు అప్పట్లో తేలిగ్గా తీసిపారేశారు. వాళ్లకంటే ఆమె పాఠకులకే బాగా అర్థమైంది.

ఇక రెండో గది. కాపురాల వైద్యం పుట్టుకలో చెప్పుకోవడానికి ఇబ్బందిపడాల్సిన సంగతులున్నాయి, వాటిని దాచకూడదు. 1920లలో జర్మనీలో పెళ్లి సలహా కేంద్రాలు పుట్టుకొచ్చాయి. వాటిలో చాలా భాగం దంపతుల సుఖం కోసం కాదు. ఎవరు ఎవర్ని పెళ్లాడితే ‘మంచి జాతి’ పుడుతుందో లెక్కలు కట్టడానికి. అమెరికాలో 1930లో లాస్ ఏంజెలెస్‌లో కుటుంబ సంబంధాల సంస్థ పెట్టిన పాల్ పోపెనో డాక్టరు కాదు, మనస్తత్వ శాస్త్రం చదువుకున్నవాడూ కాదు. ఖర్జూర చెట్ల నిపుణుడు. అల్జీరియా, ఇరాక్ తిరిగి కాలిఫోర్నియాకి ఖర్జూర పిలకలు తెచ్చినవాడు. మొక్కల్లో మేలురకం ఎంచినట్టే మనుషుల్లోనూ ఎంచాలని నమ్మాడు, ‘పనికిరాని’వాళ్లకి బలవంతంగా పిల్లలు పుట్టకుండా చెయ్యాలని పుస్తకం కూడా రాశాడు. ‘పనికొచ్చే’వాళ్ల పెళ్లిళ్లు విడిపోకుండా చూడటం ఆ ఆలోచనకి రెండో కొస. 1953 నుంచి ఒక అమెరికన్ మహిళా పత్రికలో ఆయన పేరుతో వచ్చిన శీర్షిక దేశమంతా పేరు తెచ్చుకుంది. ముందు భార్య చెప్పుకుంటుంది, తర్వాత భర్త, చివర కౌన్సెలర్ తీర్పు.

ఆ వృత్తికి పునాది వేసినవాళ్లందరూ అలాంటివాళ్లు కారు. న్యూయార్కులో హన్నా స్టోన్, ఆబ్రహాం స్టోన్ అనే డాక్టర్ దంపతులు, ఫిలడెల్ఫియాలో ఎమిలీ మడ్ కాన్పులు, కుటుంబ నియంత్రణ, సిగ్గుతో అడగలేని ప్రశ్నలతో వచ్చే మామూలు దంపతుల కోసం గదులు తెరిచారు. బ్రిటన్‌లో 1938లో మొదలైన మ్యారేజ్ గైడెన్స్ కౌన్సిల్ యుద్ధం తర్వాత విడాకులు వెల్లువెత్తిన రోజుల్లో స్వచ్ఛంద సేవకులకి శిక్షణ ఇచ్చి ఊరూరా కూర్చోబెట్టింది. 1988లో ఆ సంస్థే ‘రిలేట్’ అని పేరు మార్చుకుంది. 1963లో కాలిఫోర్నియా రాష్ట్రం పెళ్లి కౌన్సెలర్లకు లైసెన్సు పెట్టింది.

ఇక్కడ ఆశ్చర్యం కలిగించే సంగతేమిటంటే, చాలా ఏళ్ల పాటు ఈ వైద్యంలో ఆలుమగల్ని కలిపి కూర్చోబెట్టడమే ఉండేది కాదు. విశ్లేషకుడి ముందు రోగి ఒక్కడే ఉండాలన్నది నియమం. 1940లలో న్యూయార్కు విశ్లేషకుడు బేలా మిటెల్‌మాన్ మొగుడినీ పెళ్లాన్నీ ఒకే వైద్యుడు, వేర్వేరు సమయాల్లో చూడవచ్చన్నందుకే అది సాహసంగా కనిపించింది. 1960లలో వర్జీనియా సటీర్ లాంటివాళ్లు ఇంటిల్లిపాదినీ ఒకే గదిలోకి పిలిచాక ఆ కట్టు తెగింది. మన పల్లెల్లో పెద్దమనుషుల పంచాయితీకి ఎప్పటినుంచో ఇద్దరూ వచ్చేవాళ్లు కదా అంటే నిజమే. అక్కడ తప్పెవరిదో తేల్చడం ముఖ్యం, ‘సర్దుకుపో’ అన్న మాట దాదాపు ఎప్పుడూ ఆడదానికే చెప్పడం మామూలు. థెరపీ గది ఆ రెండు పనులూ చెయ్యకూడదని నేర్చుకోవడానికే వృత్తికి చాలా కాలం పట్టింది.

1969లో రిచర్డ్ స్టూవర్ట్ నాలుగు జంటలతో చేసిన ప్రయోగం ఆ తడబాటుకి మంచి ఉదాహరణ. భార్యలు తమతో మాట్లాడమని అడిగారు. భర్త కూర్చుని మాట్లాడితే భార్య అతనికి టోకెన్ ఇవ్వాలి. టోకెన్లు కూడబెట్టుకుని అతను ఆమె సాన్నిహిత్యాన్ని పొందవచ్చు. మాటలు పెరిగాయి, దంపతులు సంతోషించారు కూడా. కానీ కాపురం కిరాణా కొట్టు ఖాతా కాదు. ఇచ్చిపుచ్చుకోవడాన్ని లెక్కేసుకోవడం మొదలుపెడితే లోటు కూడా లెక్కకొస్తుంది. ఈ దారిలో పనిచేసిన నీల్ జేకబ్సన్ సొంత ఫలితాలే చాలడం లేదని ఒప్పుకుని, ఆండ్రూ క్రిస్టెన్సెన్‌తో కలిసి 1990లలో పద్ధతి మార్చాడు. మార్చగలిగింది మార్చుకోవడం, మారనిదాన్ని ఇద్దరూ కలిసి అర్థం చేసుకుని ఒప్పుకోవడం. 134 జంటల మీద వాళ్లు జరిపిన పరీక్ష ఈ రంగంలో పెద్దవాటిలో ఒకటి.

రెండు గదుల్లోనూ కాలుపెట్టిన మొదటి మనిషిగా ఆల్బర్ట్ ఎల్లిస్ పేరు చెప్పుకోవాలి. న్యూయార్కు బ్రాంక్స్‌లో పెరిగిన ఈయనకి కుర్రవయసులో ఆడపిల్లలతో మాట్లాడాలంటే చచ్చేంత భయం. పందొమ్మిదేళ్లప్పుడు ఆగస్టు నెలంతా రోజూ బ్రాంక్స్ బొటానికల్ గార్డెన్‌కి వెళ్లి, బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న ఏ ఆడమనిషి పక్కనైనా కూర్చుని, నిమిషంలోపల పలకరించాలని తనకి తనే శిక్ష వేసుకున్నాడు. ఆయన చెప్పిన లెక్క ప్రకారం 130 మంది. 30 మంది లేచి వెళ్లిపోయారు. నూరు మందితో మాట్లాడాడు. ఒక్కరే మళ్లీ కలుస్తానన్నారు, ఆవిడా రాలేదు. ప్రపంచం మునిగిపోలేదు, భయం మాత్రం పోయింది. అదే ఎల్లిస్ 1940లలో పెళ్లి, లైంగిక సమస్యల సలహాదారుగా వృత్తి మొదలుపెట్టి, 1955లో తన సొంత చికిత్సా పద్ధతిని ప్రకటించాడు.

ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ కథ కూడా ఇలాంటిదే. చిన్నప్పుడు చెయ్యి విరిగి, పుండు ముదిరి చావు అంచుదాకా వెళ్లొచ్చిన బెక్‌కి రక్తం చూస్తే కళ్లు తిరిగేవి, సొరంగంలో వెళ్లాలంటే ఊపిరాడేది కాదు. మనిషిని కుంగదీసేది జరిగిన సంఘటన కన్నా దానికి మనసు వెంటనే చెప్పుకునే అర్థం అని ఆయన గమనించాడు. దిగులుకు మొదలుపెట్టిన ఆ పద్ధతిని 1985లో ఆందోళన రుగ్మతలు, ఫోబియాల మీద పుస్తకంగా, మూడేళ్లకే 1988లో దంపతుల మీద ఇంకో పుస్తకంగా మలిచాడు. ‘ఆయన ఆలస్యంగా వచ్చాడంటే నేనంటే లెక్కలేదు’ అనుకోవడమూ, ‘గుండె వేగంగా కొట్టుకుందంటే చచ్చిపోతున్నాను’ అనుకోవడమూ బెక్ కళ్లకి ఒకే రకం పొరపాటు. 2021లో నూరేళ్లు నిండి కన్నుమూసేదాకా ఆయన పని ఆపలేదు.

గోడ నిజంగా పడింది మాత్రం పెద్ద సిద్ధాంతాల వల్ల కాదు. ఇల్లు దాటలేని గృహిణుల వల్ల.

వెస్ట్‌ఫాల్ చూసినవాళ్లు మగవాళ్లే అయినా, 20వ శతాబ్దం మధ్యకి వచ్చేసరికి అగోరాఫోబియాతో క్లినిక్కులకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పెళ్లయిన ఆడవాళ్లు. కూరగాయలకి కూడా భర్తో పిల్లలో తోడు లేనిదే వెళ్లలేరు. 1977లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆండ్రూ మాథ్యూస్ బృందం ఒక తెలివైన పని చేసింది. రోగిని క్లినిక్కుకి రప్పించే బదులు థెరపిస్టే ఇంటికి వెళ్లాడు. భార్యకొక చిన్న పుస్తకం, భర్తకొక చిన్న పుస్తకం ఇచ్చాడు. రోజూ చెయ్యాల్సిన సాధన ఇద్దరూ కలిసి రాసుకోవాలి.

ఆ సాధన ఎలా ఉండేదో ఊహించుకుంటే చికిత్స గుట్టు తెలుస్తుంది. మొదటిరోజు ఇద్దరూ కలిసి వీధి మలుపు దాకా నడుస్తారు. తర్వాత అతను మలుపు దగ్గర నిలబడి ఉంటాడు, ఆమె ఒక్కతే అక్కడిదాకా వస్తుంది. ఇంకో రోజు అతను దుకాణం దగ్గర, ఆమెకి కనపడకుండా. ఆ తర్వాత ఇంట్లోనే కూర్చుంటాడు. గుండెదడ మొదలైతే వెనక్కి పరుగెత్తకూడదు, ఆగి, అది తగ్గేదాకా అక్కడే ఉండాలి. ఇంటికొచ్చాక ‘ఎంత దూరం వెళ్లావు’ అని అతను అడగాలి, చేసినదాన్ని మెచ్చుకోవాలి, చెయ్యనిదాన్ని ఎత్తిచూపకూడదు. అన్నాళ్లూ భర్త ఆమె భయానికి ఊతకర్ర. ఇప్పుడు అదే భర్త తనంతట తాను కొంచెంకొంచెంగా పక్కకి జరగడం నేర్చుకుంటున్నాడు. పాలకి తోడు వేసేవాళ్లకి ఈ లెక్క తెలుసు: చాలకపోతే పెరుగు తోడుకోదు, ఎక్కువైతే పులిసిపోతుంది.

అదే 1977లో జూలియన్ హాఫ్నర్ అనే మానసిక వైద్యుడు ఇబ్బందికరమైన ప్రశ్న లేవనెత్తాడు. భార్యకి నయమవుతుంటే కొందరు భర్తలు కుంగిపోతున్నారని, ఆమె కోలుకోవడానికి వాళ్లే అడ్డం పడుతున్నారని రాశాడు. నిన్నటిదాకా ప్రతిదానికీ తనమీద ఆధారపడిన మనిషి ఒక్కతే బజారుకెళ్లి వస్తే, ఆ ఇంట్లో అతని చోటు ఎక్కడ? తర్వాతి పరిశోధనల్లో చాలావాటిలో ఇది అందరికీ వర్తించే సత్యంగా తేలలేదు. అయినా ప్రశ్న మంచిదే. భయం ఒక్కరిదే అయినా దానిచుట్టూ ఇల్లంతా సర్దుకుని ఉంటుందని ఆ ప్రశ్న గుర్తు చేసింది.

1984లో అమెరికాలో డేవిడ్ బార్లో బృందం అగోరాఫోబియా ఉన్న 28 మంది వివాహితల్ని రెండు గుంపులు చేసింది. ఒక గుంపులోని వాళ్లు ఒంటరిగా వచ్చారు, ఇంకో గుంపులోని వాళ్లు భర్తతో వచ్చారు. భర్తతో వచ్చినవాళ్లే ఎక్కువగా కోలుకున్నారు, రెండేళ్ల తర్వాత చూసినా ఆ తేడా నిలిచింది. సరిగ్గా అదే ఏడాది బ్రిటన్‌లో వచ్చిన ఇంకో అధ్యయనం మాత్రం భర్త ఉన్నందువల్ల అదనపు మేలేమీ కనిపించలేదంది. చిక్కు ఎక్కడుందో మరుసటి ఏడాది స్టాన్‌ఫర్డ్‌లో బ్రూస్ ఆర్నో బృందం చేసిన పని కొంత తేల్చింది. సాధనతో పాటు దంపతులకి ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం కూడా నేర్పిస్తే ఫలితం మెరుగైంది. భర్త గదిలో ఉంటే చాలదు. ఎలా ఉన్నాడన్నదే అసలు సంగతి. పైపెచ్చు పక్కన నిలబడి ‘ఇదీ ఒక భయమేనా’ అనే మొగుడు లేకపోవడమే మేలు.

అక్కణ్నుంచి రెండు దారులూ ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ఓసీడీలో తాళం వేశానా, గ్యాసు కట్టేశానా అని భార్య పదిసార్లు అడిగితే భర్త పదిసార్లూ ‘వేశావు’ అని చెబుతాడు. ప్రేమతోనే చెబుతాడు. ఆ జవాబే జబ్బుకి తిండి పెడుతుందని తెలిశాక, డొనాల్డ్ బాకమ్, జోనథన్ అబ్రమోవిట్జ్ లాంటివాళ్లు ఇద్దర్నీ కూర్చోబెట్టి ఆ జవాబు మానేయడం నేర్పించారు. యుద్ధంలోనో దాడుల్లోనో దెబ్బతిన్న మనసుల కోసం కాండిస్ మాన్సన్ 15 విడతల జంట చికిత్స రూపొందించింది. 40 జంటలతో చేసిన దాని పరీక్ష 2012లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. జబ్బూ తగ్గింది, కాపురమూ మెరుగైంది.

జంటల వైపునుంచి చూసినవాళ్లూ చివరికి గుండెదడ దగ్గరికే వచ్చారు. 1986లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ గాట్‌మన్ ఇల్లులాంటి ప్రయోగశాల కట్టించాడు. దంపతులు మాట్లాడుకుంటుంటే కెమెరాలు, ఒంటికి తగిలించిన యంత్రాలు వాళ్లను కొలిచేవి. గొడవలో గుండె నిమిషానికి 100 సార్లు దాటి కొట్టుకుంటుంటే ఎదుటివాళ్ల మాట బుర్రకెక్కదు. 20 నిమిషాలు ఆపి, వేరే పనిలో పడి మళ్లీ కూర్చుంటే అదే మనుషులు వేరేగా మాట్లాడతారు. ఎవరు విడిపోతారో ముందే చెప్పగలనన్న ఆయన మాటను తోటి శాస్త్రవేత్తలు గట్టిగా విమర్శించారు, ఆ విమర్శ న్యాయమైనదే. జరిగిపోయినదానికి లెక్క కుదర్చడం వేరు, జరగబోయేది చెప్పడం వేరు. గుండె సంగతి మాత్రం ఎవరింట్లో వాళ్లు సరిచూసుకోదగినది.

ఇంగ్లండులో తండ్రి నడిపే పబ్బులో పెరిగి, కెనడాలో స్థిరపడిన సూ జాన్సన్ 1980లలో లెస్ గ్రీన్‌బర్గ్‌తో కలిసి ఇంకో మాట చెప్పింది. దంపతుల పోట్లాటలో చాలాభాగం కోపం కాదు, వదిలేస్తారేమోనన్న బెంగ. జేమ్స్ కోన్ అనే శాస్త్రవేత్త 2006లో అచ్చువేసిన ప్రయోగం ఆ మాటకి ఆసరా అయింది. పెళ్లయిన 16 మంది స్త్రీలు స్కానర్‌లో పడుకున్నారు. చీలమండకి షాకు తీగ. తెర మీద ఎర్రటి ఇంటూ గుర్తు పడితే షాకు తగిలే అవకాశం నూటికి 20. ఒకసారి చేయి ఖాళీగా, ఒకసారి ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో, ఒకసారి భర్త చేతిలో. భర్త చేయి పట్టుకున్నప్పుడు మెదడులో ప్రమాదఘంట మోగే చోట్లు అన్నిటికంటే శాంతించాయి. కాపురం బాగున్నవాళ్లలో ఇంకా ఎక్కువగా. 2013లో జాన్సన్, కోన్ కలిసి చేసిన ప్రయోగంలో, సరిగా లేని కాపురాల్లో చికిత్సకి ముందు భర్త చేయి పెద్దగా పనిచెయ్యలేదు. చికిత్స తర్వాత పనిచేసింది. జాన్సన్ 2024లో మరణించింది.

మన దేశంలో ఈ విషయం ప్రయోగశాలకంటే ముందే ఒక వైద్యుడికి తట్టింది. 1950లలో అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువుల్ని ఇంటికి పంపెయ్యలేదు. ఆవరణలో గుడారాలు వేయించి వాళ్లనీ రోగి పక్కనే ఉండనిచ్చాడు. వెల్లూరులో, బెంగళూరు నిమ్హాన్స్‌లో ఆ ఆలోచన కొనసాగింది. 1984 కుటుంబ న్యాయస్థానాల చట్టం కౌన్సెలర్లకు చోటిచ్చింది. తెలుగునాట మాత్రం గుండెదడతో వచ్చిన మనిషి ఇప్పటికీ ముందు ఈసీజీకి వెళ్తాడు, అది మామూలుగా ఉందంటే ‘ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకో’ అన్న మాటతో ఇంటికొస్తాడు. గుండె పరీక్ష అవసరమే. ‘ఏమీ లేదు’ అనడమే తప్పు.

కాబట్టి థెరపిస్టు దగ్గరికి వెళ్లేవాళ్లు మొహమాటపడకుండా నేపథ్యం అడగాలి. ఏం చదివారు? క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందా? భయానికి మాటలతో సరిపెడతారా, మెట్టుమెట్టుగా సాధన చేయిస్తారా? అవసరమైతే ఇంట్లోవాళ్లని కూడా కూర్చోబెడతారా? తనమీద చెయ్యి చేసుకునే మనిషి పక్కన కూర్చుని ఎవరూ మనసు విప్పి మాట్లాడలేరు కాబట్టి, ఇంట్లో హింస ఉంటే ఆ సంగతి ముందే, విడిగా చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లు 2022 అక్టోబరు 10న మొదలైన కేంద్రప్రభుత్వ ‘టెలి మానస్’కి ఫోన్ చేయవచ్చు. నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడవచ్చు.